గంట మోగేలోగా బొమ్మ పూర్తి కావాలి: నగరంలో జరిగే వింత కళాపోటీలకు వెళ్లేవారి కోసం

ప్రదర్శనశాల గోడ మీద వేలాడే చిత్రాన్ని చూసినప్పుడు దాని వెనుక జరిగిన చెరుపులు, దిద్దుబాట్లు, సగంలో వదిలేసిన ప్రయత్నాలు మన కంటపడవు. అదే చిత్రకారుణ్ణి జనం మధ్య నిలబెట్టి, ఇరవై నిమిషాల గడువు పెట్టి, గెలుపోటములు తేల్చే అధికారాన్ని చుట్టూ మూగినవారి చేతికిస్తే ఆ దాపరికమంతా పోతుంది. నగరాల్లో సాయంత్రాల పూట చిన్న హాళ్లలోనూ, కఫేల మేడ గదుల్లోనూ, పాత గోదాముల్లోనూ జరిగే ఇలాంటి పోటీల్లో చిత్రలేఖనంతో పాటు కవితలు, కథలు, అప్పటికప్పుడు అల్లే నాటకాలు, శ్లేషలు, చివరకు గిటారు లేకుండా గిటారు వాయించడం కూడా ఉంటాయి. వీటికి సినిమాకు వెళ్లినట్టు వెళ్లి, వెనుక వరుసలో కూర్చుని, జరుగుతున్నదేమిటో అంతుపట్టక మధ్యలోనే లేచి వచ్చేవారిని నేను చాలామందిని చూశాను. ఆ పోటీ నియమమేమిటో ముందుగా తెలుసుకుని ఉంటే వారిలో సగం మందైనా చివరిదాకా కూర్చునేవారని నా నమ్మకం.

కళల్లో పోటీలేమిటని ముఖం చిట్లించేవారికి ఒక పాత సంగతి గుర్తు చేయవచ్చు. ఒలింపిక్ క్రీడల్లో 1912 నుంచి 1948 వరకు వాస్తుకళ, సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పకళ అనే అయిదు విభాగాల్లో పతకాలు ఇచ్చేవారు. అయితే ఆ కృతులు ముందే తయారై న్యాయనిర్ణేతల ముందుకు వచ్చేవి. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న పోటీల్లో తయారీయే ప్రదర్శన, తడబాటు కూడా అందులో భాగమే.

నియమం తెలిస్తేనే ఆట తెలుస్తుంది

ఏ పోటీకి వెళ్లాలనుకున్నా బయలుదేరే ముందు నాలుగు సంగతులు తెలుసుకోవాలి: పోటీదారుకు ఎంత సమయం ఇస్తారు, వేటిని వాడనివ్వరు, తీర్పు ఎవరిది, తయారైన వస్తువు చివరకు ఎవరికి చెందుతుంది. ఈ నాలుగూ తెలిస్తే ఆ సాయంత్రం ఎలా సాగుతుందో దాదాపుగా ఊహించవచ్చు.

కవులు జనం ముందు కవితలు వినిపించి మార్కుల కోసం పోటీపడే పోయెట్రీ స్లామ్‌నే తీసుకుందాం. షికాగోలో భవన నిర్మాణ కార్మికుడిగా పనిచేసిన మార్క్ స్మిత్ అనే కవి 1986లో గ్రీన్ మిల్ అనే చోట వారం వారం నడపడం మొదలుపెట్టిన ఈ పోటీ తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. కవికి మూడు నిమిషాలు, ఆపైన పది సెకన్ల వెసులుబాటు ఉంటాయి. అది దాటితే మార్కులు కోస్తారు. సొంత కవితే చదవాలి, వేషాలూ వాద్యాలూ ఇతర సామగ్రీ ఉండకూడదు. ప్రేక్షకుల్లోంచే అయిదుగురిని ఎంచి న్యాయనిర్ణేతలుగా కూర్చోబెడతారు. వారు సున్నా నుంచి పది వరకు, దశాంశంతో సహా మార్కులు వేస్తే, అన్నిటికంటే ఎక్కువనూ అన్నిటికంటే తక్కువనూ తీసేసి మిగిలిన మూడింటినీ కూడుతారు. ఉదాహరణకు 7.8, 8.1, 8.4, 8.9, 9.6 వచ్చాయనుకుంటే మొదటిదీ చివరిదీ పోయి ఆ కవికి 25.4 మిగులుతుంది. కవి తమ్ముడు పొరపాటున న్యాయనిర్ణేతగా కూర్చుని పదికి పది వేసినా, పగవాడు కూర్చుని రెండు వేసినా ఫలితం పెద్దగా చెదరకుండా ఈ పద్ధతి కాపాడుతుంది. సాహిత్యం చదివినవారే తీర్పు చెప్పాలన్న పట్టింపు ఇందులో లేదు. ఇంకా చెప్పాలంటే, కవితల జోలికి ఎన్నడూ పోనివారిని కుర్చీలో కూర్చోబెట్టడానికే నిర్వాహకులు ఇష్టపడతారు.

కథలు చెప్పే పోటీలు దీనికి దాయాదుల్లాంటివి. న్యూయార్క్‌లో 1997లో మొదలైన ది మాత్ అనే సంస్థ నడిపే స్టోరీ స్లామ్‌లలో ఆ రాత్రికి ఒక అంశం ఇస్తారు. చెప్పదలచినవారు తమ పేర్లను ఒక సంచిలో వేస్తే, అందులోంచి ఒక్కొక్కటిగా పదిమంది పేర్లు తీస్తారు. కథ నిజంగా తమకు జరిగినదై ఉండాలి, కాగితం చూడకుండా చెప్పాలి, అయిదు నిమిషాల్లో ముగించాలి. ఎవరి పేరు వస్తుందో, ఎవరు ఏం చెబుతారో నిర్వాహకులకు కూడా తెలియదు కాబట్టి, గొప్ప కథ పక్కనే చప్పటి కథ వినడానికి మనసును సిద్ధం చేసుకుని వెళ్లాలి.

చిత్రలేఖన పోటీల్లో బాగా ప్రచారమున్నది టొరంటోలో పుట్టి అనేక నగరాలకు విస్తరించిన ఆర్ట్ బాటిల్ పద్ధతి. హాలు మధ్యలో వలయంగా ఈజెల్స్, అంటే కాన్వాస్‌ను ఆనించి ఉంచే స్టాండ్లు, నిలబెడతారు. చిత్రకారులు ఇరవై నిమిషాల్లో ఖాళీ కాన్వాస్‌ను చిత్రంగా మారుస్తుంటే ప్రేక్షకులు చుట్టూ తిరుగుతూ చూస్తారు. ప్రతి రౌండు ముగిశాక ఓట్లు వేస్తారు, గెలిచినవారు తుదిపోటీకి వెళతారు, చిత్రాలను అక్కడికక్కడే వేలం వేస్తారు. గోడ మీద జరిగే మరికొన్ని పోటీల్లో ఇద్దరు గానీ రెండు జట్లు గానీ తెల్లని గోడను పంచుకుని నల్ల మార్కర్లతో, నల్ల రంగుతో మాత్రమే గీస్తారు. వాటిలో గెలుపును తేల్చడంలో జనం అరుపులకు కూడా పాత్ర ఉంటుంది కాబట్టి, గొంతు బాగున్న మిత్రులను వెంటబెట్టుకుని వచ్చే పోటీదారులకు కొంత లాభం ఉంటుందన్నది దాచిపెట్టవలసిన విషయం కాదు.

అప్పటికప్పుడు నాటకం అల్లే పోటీలకు మూలపురుషుడు కీత్ జాన్‌స్టన్. మల్లయుద్ధ ప్రదర్శనల్లో జనం గొంతు చించుకుని కేకలు వేయడం చూసి, నాటకశాలలో ఆ ఉత్సాహం ఎందుకు రాదని ఆలోచించి, కెనడాలోని కాల్గరీలో 1977లో ఆయన థియేటర్ స్పోర్ట్స్ అనే పద్ధతిని రూపొందించారు. రెండు జట్లు ఒకదానికొకటి సవాళ్లు విసురుకుంటాయి, న్యాయనిర్ణేతలు మార్కుల పలకలు ఎత్తుతారు, సన్నివేశం విసుగు పుట్టిస్తే హారన్ మోగించి ఆపేస్తారు. న్యాయనిర్ణేతల మీద ప్రేక్షకులు కేకలు వేయడం ఇక్కడ మర్యాద తప్పడం కిందకు రాదు, ఆటలో భాగమే. కొత్తగా వెళ్లినవారు ఇక్కడ బిగుసుకుని కూర్చుంటే వేదిక మీదివారికే ఇబ్బంది.

ఇక పూర్తిగా వింత అనదగిన కోవలో ఫిన్లండ్‌లోని ఔలు నగరంలో 1996 నుంచి జరుగుతున్న ఎయిర్ గిటార్ ప్రపంచ పోటీలు ఉన్నాయి. పోటీదారు అరవై సెకన్ల పాట ముక్కకు చేతిలో ఏమీ లేకుండా గిటారు వాయించినట్టు నటించాలి. ఐస్ స్కేటింగ్ పోటీల నుంచి అరువు తెచ్చుకున్న పద్ధతిలో 4.0 నుంచి 6.0 వరకు మార్కులు వేస్తారు. అమెరికాలోని ఆస్టిన్‌లో 1978 నుంచి శ్లేషల పోటీ జరుగుతోంది; ఇచ్చిన అంశం మీద ఇద్దరు మార్చి మార్చి శ్లేషలు విసురుకుంటూ, ఎవరికి మాట అందకపోతే వారు ఓడినట్టు లెక్క. కాలిఫోర్నియాలోని ఫెర్న్‌డేల్‌లో 1969లో మొదలైన కదిలే శిల్పాల పరుగుపందెం మరీ చోద్యం: మనిషి బలంతోనే నడిచే శిల్పాలను రోడ్డు మీద, ఇసుకలో, నీటిలో మూడు రోజుల పాటు నడిపించాలి. న్యాయనిర్ణేతలకు లంచం ఇవ్వడాన్ని అక్కడ బాహాటంగానే ప్రోత్సహిస్తారు. సరిగ్గా మధ్య స్థానంలో నిలిచిన వారికి కూడా బహుమతి ఉంటుంది. ఇలాంటి చోట నిజాయితీ గురించి వాదనకు దిగినవారు ఆ సరదానంతా పోగొట్టుకుంటారు.

ఏ పోటీని ఎంచుకోవాలి

మొదటిసారి వెళ్లేవారు తమకు కొంత పరిచయమున్న కళతో కాకుండా, తమకు సరిపడే గడువున్న పోటీతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఒకే విషయం మీద చాలాసేపు దృష్టి నిలపలేనివారికి స్లామ్‌లు బాగుంటాయి, ఎందుకంటే నచ్చని కవిత కూడా మూడు నిమిషాల్లో అయిపోతుంది. పోటీ కాకపోయినా అదే ఊపు ఉండేది పెచకుచ. వాస్తుశిల్పులు ఆస్ట్రిడ్ క్లయిన్, మార్క్ డైథమ్ 2003లో టోక్యోలో ప్రారంభించిన ఈ పద్ధతిలో ఒక్కొక్కరు ఇరవై బొమ్మలు చూపిస్తారు, ఒక్కో బొమ్మ తెర మీద ఇరవై సెకన్లే నిలుస్తుంది. అంటే ఎంత పేరున్నవారైనా 6 నిమిషాల 40 సెకన్లలో దిగిపోవలసిందే. ఒకే చోట కూర్చోవడం కష్టమైనవారికి తిరుగుతూ చూసే చిత్రలేఖన పోటీలు తగినవి. మాటల మీద ఆధారపడే శ్లేషల పోటీలకు మాత్రం ఆ భాష మీద గట్టి పట్టు లేకపోతే వెళ్లకపోవడమే మేలు. చుట్టూ అందరూ నవ్వుతుంటే ఒక్కరే ముఖం వేలాడేసుకుని కూర్చోవడం కంటే ఇంటి పట్టున ఉండటం నయం.

ఈ పోటీల ప్రకటనలు పెద్ద పత్రికల్లో చాలా అరుదుగా కనిపిస్తాయి. చిత్రకళా కళాశాలల నోటీసు బోర్డులు, రంగులూ కుంచెలూ అమ్మే దుకాణాలు, స్వతంత్ర పుస్తకాల షాపులు, గ్రంథాలయాలు, చిన్న నాటకశాలల నెలవారీ కార్యక్రమ పట్టికలు వీటికి నమ్మదగిన చోట్లు. ఒక పోటీకి వెళితే మిగతావాటి జాడ దానంతటదే దొరుకుతుంది, ఎందుకంటే వేదిక దిగే ముందు పోటీదారులంతా తమ తర్వాతి కార్యక్రమం ఎక్కడో చెప్పకుండా ఉండరు. నెలనెలా ఒకే చోట జరిగే పోటీని ఎంచుకుంటే మరో సౌకర్యం ఉంది: నిర్వాహకులు ఆరితేరి ఉంటారు, సమయానికి మొదలవుతుంది, ఒక నెల నచ్చకపోతే కారణం పోటీదారులో పద్ధతో తేల్చుకోవడానికి మరో నెల ఉంటుంది.

ప్రకటన చదివేటప్పుడు తలుపులు తెరిచే వేళకూ కార్యక్రమం మొదలయ్యే వేళకూ తేడా చూడాలి. పేర్ల నమోదూ, న్యాయనిర్ణేతల ఎంపికా, మంచి చోటు దొరకడమూ ఈ రెండింటి మధ్య ఉన్న అరగంటలోనో గంటలోనో జరిగిపోతాయి. వయసు పరిమితి తప్పక చూసుకోవాలి. స్లామ్‌లలోనూ కథల పోటీల్లోనూ ఎవరేం మాట్లాడతారో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు నిర్వాహకులను అడిగి వెళ్లడమే క్షేమం. మెట్లు, కుర్చీలు, వీల్‌చెయిర్‌కు దారి, మెరుపుల్లాంటి లైట్లు వీటి గురించి కూడా ముందే అడగవచ్చు. ఇలాంటి పోటీలు తరచూ నేలమాళిగల్లోనూ లిఫ్టు లేని మేడల మీదా జరుగుతుంటాయి.

చిత్రం తయారవుతుండగా చూడటం

చిత్రలేఖన పోటీలో కొత్తవారు చేసే పెద్ద పొరపాటు తమకు నచ్చిన ఒక ఈజెల్ దగ్గరే ఇరవై నిమిషాలూ నిలబడిపోవడం. అలా నిలబడినవారు చివరకు ఆ ఒక్కరికే ఓటు వేస్తారు, మిగతావారి పని వారికి తెలియనే తెలియదు. అందుకని కనీసం మూడు చుట్లు తిరగాలి. మొదటి అయిదు నిమిషాలు గడవకముందే ఒక చుట్టు తిరిగితే ఎవరు వెలుగునీడల పెద్ద పెద్ద భాగాలను ముందు పరుస్తున్నారో, ఎవరు నేరుగా కన్నో ముక్కో గీయడంలో పడిపోయారో కనిపిస్తుంది. పన్నెండో నిమిషం ప్రాంతంలో రెండో చుట్టు. చాలా బొమ్మలు అప్పుడు అందవికారంగా ఉంటాయి, అది సహజం. చివరి రెండు నిమిషాల్లో మూడో చుట్టు.

ఈ పోటీల్లో ఎక్కువగా ఆక్రిలిక్ రంగులనే వాడటానికి కారణముంది. నీటితో పలచబడే ఈ రంగు పలచటి పూతగా వేస్తే కొద్ది నిమిషాల్లోనే పైపైన ఆరిపోతుంది కాబట్టి దాని మీద మరో పూత వేయవచ్చు. తైలవర్ణాలైతే ఆరడానికి రోజులు పడుతుంది. అనుభవమున్న చిత్రకారులు నేపథ్యాన్ని ముందే పూసి, అది ఆరేలోగా మరో మూలకు వెళతారు. ప్రతి రెండు మూడు నిమిషాలకూ రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు సగం మూసి చూసుకుంటారు, ఎందుకంటే కళ్లు చికిలిస్తే చిన్న వివరాలు మరుగై వెలుగునీడల అమరిక ఒక్కటే మిగులుతుంది. మనమూ అలాగే కళ్లు చికిలించి చూస్తే ఏ బొమ్మ దూరం నుంచి నిలబడుతుందో తెలిసిపోతుంది. పదిహేనో నిమిషానికే చక్కగా పూర్తయిన బొమ్మను మిగిలిన అయిదు నిమిషాల్లో అతిగా దిద్ది పాడుచేసుకున్నవారిని చూసినప్పుడు, కుంచె ఎప్పుడు కింద పెట్టాలో తెలియడమే ఈ పోటీలో అన్నిటికంటే కష్టమైన విద్య అని నాకు అనిపిస్తుంది.

చిత్రకారుడి మోచేతికి అడ్డం రాకుండా, అతని మీద పడే వెలుతురుకు అడ్డం నిలవకుండా ఉండాలి. పని జరుగుతుండగా ప్రశ్నలు అడగరాదు. అతనికున్న ఇరవై నిమిషాల్లో మన ప్రశ్న ఒక నిమిషం తింటుంది. రంగులు చిందుతాయి కనుక ఖరీదైన బట్టలు వేసుకుని ముందు వరుసలోకి వెళ్లకూడదు, ఆరిన ఆక్రిలిక్ మరక ఉతుకుడుకు పోదు. స్ప్రే రంగులు వాడే చోట గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూసుకుని, ఆ వైపునే నిలబడాలి. శబ్దం ఎక్కువగా ఉండే చోట్లకు చెవుల్లో పెట్టుకునే చిన్న ప్లగ్గులు వెంట ఉంచుకుంటే మర్నాడు తలనొప్పి ఉండదు. ఓటు ఫోన్ ద్వారా వేసే పోటీలైతే చార్జింగ్ చూసుకుని వెళ్లాలి. క్రిక్కిరిసిన హాలులో సిగ్నల్ అందడం కష్టం కాబట్టి ఓటింగ్ పేజీని ముందుగానే తెరిచి ఉంచుకోవడం ఉత్తమం.

మార్కుల పలక మీ చేతికే వస్తే

తలుపులు తెరిచిన కాసేపటికి నిర్వాహకుడు హాలులో తిరుగుతూ, పోటీదారులెవరూ మీకు తెలియదు కదా అని అడిగి మార్కుల పలకలు పంచుతాడు. ఒప్పుకోండి. ఒక పోటీని అన్నిటికంటే శ్రద్ధగా చూసేది మార్కులు వేయవలసినవారే.

స్లామ్‌లో అసలు పోటీ మొదలు కాకముందు పోటీలో లేని కవి ఒకరు వచ్చి ఒక కవిత చదువుతారు. న్యాయనిర్ణేతలు తమ కొలత సరిచూసుకోవడానికి ఆ కవిని బలి ఇస్తున్నారన్నమాట; ఆ పాత్రకు ఇంగ్లిషులో ఉన్న పేరుకు కూడా బలికవి అనే అర్థం. ఆ కవితకు మీరు వేసే మార్కు చాలా ముఖ్యం. నేను మొదటిసారి పలక పట్టుకున్నప్పుడు ఉత్సాహం ఆపుకోలేక దానికి 9.5 వేశాను. తర్వాత వచ్చిన వాళ్లలో కనీసం నలుగురు అతనికంటే బాగా చదివారు, నాకు మిగిలిన అయిదు దశాంశాల్లో ఆ నలుగురినీ ఎలా సర్దాలో తెలియక ఆ రాత్రంతా ఇబ్బంది పడ్డాను. బాగుందనిపించిన తొలి కవితకు 7 ప్రాంతంలో మొదలుపెడితే పైకీ కిందికీ చోటు ఉంటుంది.

మార్కులు రాత్రి గడిచేకొద్దీ వాటంతటవే పైకి పాకుతాయి, ఇది స్లామ్‌లు నడిపేవారందరికీ తెలిసిన విషయమే. జనం వేడెక్కుతారు, తక్కువ మార్కు వేసిన వారిని చూసి కేకలు వేస్తారు, న్యాయనిర్ణేతలు క్రమంగా లొంగిపోతారు. అందువల్ల ముందుగా చదివినవారికి అన్యాయం జరుగుతుంది. దీనికి విరుగుడుగా ఒక చిన్న కాగితం మీద ప్రతి పోటీదారుకూ వేసిన మార్కును, గుర్తుండేలా ఒక్క ముక్కను రాసుకోవాలి. పదో కవికి 9 వేయబోయే ముందు రెండో కవికి 8.2 వేశామని, ఆ కవిత చివరి వాక్యం ఇంకా చెవిలో ఉందని ఆ కాగితం గుర్తు చేస్తుంది. కేకలకు జంకకండి, తక్కువ మార్కు వేసినవారి మీద అరవడం ఆ ఆటలో ఆనవాయితీ, వ్యక్తిగత ద్వేషం అందులో ఏమీ ఉండదు.

విషయానికి ఎంత విలువ ఇవ్వాలి, చదివిన తీరుకు ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్న అందరికీ ఎదురవుతుంది. దుఃఖకరమైన సొంత అనుభవం చెప్పిన కవికి తక్కువ మార్కు వేయడానికి చేయి రాదు. అయినా మార్కు ఆ అనుభవానికి కాక దానిని పలికించిన కవితకే వేయాలి. లేకపోతే చక్కని హాస్య కవిత రాసుకొచ్చినవారు ప్రతిసారీ ఓడిపోతారు. పోటీలో స్నేహితుడో బంధువో ఉంటే మొహమాటం లేకుండా ముందే చెప్పి పలక వెనక్కి ఇచ్చేయాలి.

కొనడం, ఫొటోలు తీయడం

చిత్రాల వేలంలో పాల్గొనదలిస్తే రౌండు మొదలు కాకముందే ఎంత వరకు పెట్టగలరో ఒక అంకె అనుకుని, చప్పట్ల హోరులో దానిని దాటకుండా ఉండాలి. చిత్రం వెనుక చిత్రకారుడి సంతకం, తేదీ వేయించుకోవాలి. చెల్లింపు ఏ రూపంలో తీసుకుంటారో, అందులో చిత్రకారుడికి ఎంత వాటా వెళుతుందో అడగడం తప్పు కాదు. మంచి నిర్వాహకులు ఆ వివరాలు దాచరు. చిత్రం కొంటే దానిని గోడకు వేలాడదీసుకునే హక్కు వస్తుంది గానీ, దానిని కార్డులుగానో చొక్కాల మీదనో అచ్చు వేసుకునే హక్కు రాదు. చాలా దేశాల చట్టాల ప్రకారం, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, కాపీరైట్ చిత్రకారుడి దగ్గరే ఉంటుంది.

పైన ఆరినట్టు కనిపించే ఆక్రిలిక్ మందపాటి పూతల లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. కాబట్టి ఆ రాత్రి చిత్రాన్ని తీసుకువెళ్లేటప్పుడు దాని ముఖానికి ఏదీ తగలకూడదు. ప్లాస్టిక్ కవరులోనో వార్తాపత్రికలోనో చుడితే అవి అంటుకుని, ఊడదీసేటప్పుడు రంగును కూడా లేపేస్తాయి. చదునైన అట్టపెట్టె ఒకటి వెంట తెచ్చుకుని అందులో బొమ్మను పైకి ఉండేలా పెట్టుకోవాలి, లేదా కాన్వాస్ వెనుక చెక్క చట్రాన్ని పట్టుకుని నడవాలి. వార్నిష్ పూయించాలనుకుంటే మందపాటి పూతలున్న చిత్రానికి కొన్ని వారాలైనా ఆగాలి.

ఫొటోల విషయంలో పోటీకొక పద్ధతి ఉంది. చిత్రలేఖన పోటీల్లో సాధారణంగా అభ్యంతరం ఉండదు, ఫ్లాష్ మాత్రం వాడకూడదు. కథల పోటీల్లో చెప్పేవారు తమ సొంత జీవితం విప్పి చెబుతారు కాబట్టి అనుమతి లేకుండా రికార్డు చేయడం అమర్యాద. మోడల్‌ను చూసి గీసే కూటముల్లో ఫోన్ బయటకు తీయనే కూడదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2005లో మోలీ క్రాబాపిల్ మొదలుపెట్టిన డాక్టర్ స్కెచీస్ లాంటి కూటముల్లో వేషం వేసుకున్న మోడల్ నిలబడితే, గీసేవాళ్లకు మధ్య మధ్య చిన్న తమాషా పోటీలు పెడతారు. ఒకటి రెండు నిమిషాల భంగిమలతో మొదలై ఇరవై నిమిషాల భంగిమల దాకా వెళ్లే ఇలాంటి చోట్లకు పెన్సిలు, కాగితాల పుస్తకం పట్టుకుని ఎవరైనా వెళ్లవచ్చు, బాగా గీయడం రాకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఒంటి మీద రంగులు వేసే పోటీల్లో, రంగు ఎంత ఆరినట్టు కనిపించినా, మోడళ్లను తాకరాదు.

రాత్రంతా, రోజంతా జరిగేవి

పారిస్‌లో 2002లో మొదలైన న్యూయీ బ్లాంష్ తరహాలో ఇప్పుడు చాలా నగరాలు ఏడాదికొక రాత్రి తెల్లవార్లూ కళాప్రదర్శనలను తెరిచి ఉంచుతున్నాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. పటం తీసుకుని నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న నాలుగైదింటిని గుర్తు పెట్టుకుని, జనం ఎక్కువగా వచ్చే పెద్ద ప్రదర్శనను అర్ధరాత్రి దాటాక చూసేలా వేసుకోవాలి. చివరి బస్సో రైలో ఎప్పుడో, తెల్లవారుజామున మొదటిది ఎప్పుడో రాసుకుని వెళ్లాలి.

నేల మీద సుద్దతో బొమ్మలు వేసే పోటీలు ఇటలీలోని గ్రాజియే దీ కుర్తాతోనేలో 1973 నుంచి జరుగుతున్నాయి. అలాంటి పోటీకి ఒకసారి వెళితే చాలదు, పొద్దున్నే ఒకసారి, సాయంత్రం వాలుటెండలో మరొకసారి వెళ్లాలి. లోతు ఉన్నట్టు భ్రమ కలిగించే బొమ్మలు ఒక్క చోటి నుంచి చూస్తేనే సరిగా కనిపిస్తాయి. ఆ చోటును కళాకారుడు నేల మీద గుర్తు పెట్టి ఉంచుతాడు. వాన వస్తే అంతా కొట్టుకుపోతుంది. ఆకాశం మబ్బుగా ఉన్న రోజున ముందుగా వెళ్లినవారే అదృష్టవంతులు.

వాషింగ్టన్‌లో 2001లో మొదలైన 48 గంటల సినిమా పోటీలో జట్లు ఒక పాత్ర పేరు, ఒక వస్తువు, ఒక డైలాగు తీసుకుని రెండు రోజుల్లో చిన్న సినిమా తీస్తాయి. ఆ మూడూ అన్ని జట్లకూ ఒకటే కాబట్టి, వాటిని తెలుసుకుని హాలుకు వెళితే అదే డైలాగు ఒక సినిమాలో హాస్యంగానూ మరో సినిమాలో భయంకరంగానూ వినిపించడం చూసి ఆనందించవచ్చు. అవి తెలియకుండా వెళితే ప్రతి సినిమాలోనూ అదే మాట ఎందుకు వస్తోందో అర్థం కాక తల గోక్కోవలసి వస్తుంది.

పేరు ఇవ్వాలనిపిస్తే

రెండు మూడు సార్లు చూశాక తామూ వేదిక ఎక్కాలని చాలామందికి అనిపిస్తుంది. కథల పోటీయే మొదటి మెట్టుకు అనువైనదని నా సలహా, ఎందుకంటే ముడిసరుకు మీ దగ్గరే ఉంటుంది. కథను రాసి బట్టీపట్టకూడదు. మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ మాత్రం కచ్చితంగా గుర్తుంచుకుని, మధ్యలో జరిగిన సంఘటనల వరస మనసులో పెట్టుకోవాలి. ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చెప్పి చూస్తే అయిదు నిమిషాలనుకున్నది ఎనిమిదికి చేరుతుంది. అప్పుడు కోత మొదలుపెట్టి, నాలుగున్నర నిమిషాలకు తేవాలి; జనం నవ్వితే ఆగవలసిన సమయం కూడా అందులో కలిసి ఉంటుంది. మైకు నోటికి జానెడు దూరం దాటకుండా చూసుకుని, ఎత్తు సరిచేసుకున్నాకే మొదలుపెట్టాలి. పోటీలో సమయం ఎప్పటి నుంచి లెక్కిస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

సంచిలో వేసిన పేర్లన్నీ బయటకు రావు. ఇరవై మంది వేస్తే పదిమందికే అవకాశం దొరుకుతుంది, కాబట్టి ఆ రాత్రి పేరు రాకపోతే తయారు చేసుకున్న కథను అలాగే ఉంచుకుని, ఆ అంశానికి దగ్గరగా ఉండే మరో రాత్రి కోసం చూడాలి. పేరు వచ్చి, వేదిక ఎక్కి, సగంలో మరిచిపోతే ఆ మాటే పైకి చెప్పి, గుర్తున్న తర్వాతి సంఘటనకు వెళ్లిపోవడం మంచిది. ఇలాంటి హాళ్లలో కూర్చునేవారు తడబడినవారికే ముందుగా చప్పట్లు కొడతారు. కిందికి దిగాక హడావిడిగా బయటకు వెళ్లకుండా మిగిలినవారి కథలు పూర్తిగా వినాలి. మీరు చెబుతున్నంతసేపూ వారు కూడా కూర్చుని విన్నారు.